పాస్‌పోర్టు పెద్ద దేశానిది, తాళంచెవి దీవిది

ఇంగ్లిష్ ఛానెల్‌లోని జెర్సీ దీవిలో ఇచ్చే పాస్‌పోర్టు అట్ట మీద ‘బ్రిటిష్ ఐలండ్స్ – బెయిలివిక్ ఆఫ్ జెర్సీ’ అని ఉంటుంది. బెయిలివిక్ అంటే ఒక పాలనా ప్రాంతం. లోపల జాతీయత అన్న గడిలో జెర్సీ ఊసే ఉండదు. అక్కడ ‘బ్రిటిష్ సిటిజన్’ అని మాత్రమే కనిపిస్తుంది. ఆ పాస్‌పోర్టుతో లండన్‌లో దిగిన జెర్సీవాసి మర్నాటి నుంచే అక్కడ ఇల్లు కొనుక్కోవచ్చు, ఉద్యోగంలో చేరవచ్చు, ఓటరుగా పేరు నమోదు చేయించుకోవచ్చు. అదే జాతీయత గల లండన్‌వాసి జెర్సీకి మకాం మారిస్తే సంగతి వేరు. అడుగు పెట్టడానికి వీసా అక్కర్లేదు కానీ, కొలువులో చేరాలంటే ముందు రిజిస్ట్రేషన్ కార్డు తీసుకోవాలి. అతని హోదా ఏమిటో ఆ కార్డు మీదే రాసి ఉంటుంది. నచ్చిన ఇల్లు కొనుక్కోగల హోదా రావాలంటే మామూలుగా పదేళ్లు ఎడతెగకుండా అక్కడే ఉండాలి.

పౌరసత్వం ఒకటే, హక్కులు మాత్రం ఏ దిక్కుగా ప్రయాణిస్తున్నారన్నదాన్ని బట్టి మారిపోతున్నాయి. స్వపరిపాలన ఉండి, సార్వభౌమాధికారం లేని చిన్న దీవుల్లో ఇలాంటి వింతలు చాలా కనిపిస్తాయి. ఆ దీవుల రాజకీయ హోదా గురించి రాసేవారు సాధారణంగా రక్షణ ఎవరిది, విదేశాంగం ఎవరిది, చట్టసభకు ఎంత అధికారం ఉంది అని లెక్కలు కడతారు. ఆ లెక్కలు అవసరమే. కానీ దీవిలో బతికేవారు పట్టుబట్టి కాపాడుకున్నది మరొకటి. పౌరులెవరో తేల్చే అధికారాన్ని పెద్ద దేశానికి వదిలేశారు. తమ నేల మీద ‘ఇక్కడివారు’ ఎవరో తేల్చే అధికారాన్ని మాత్రం చేజారనివ్వలేదు. ఈ బేరం ఎక్కడ కుదిరిందో, ఎక్కడ బెడిసికొట్టిందో చూస్తే ఈ దీవుల అసలు హోదా అర్థమవుతుంది.

రాజుకు చెందినవి, రాజ్యానికి కాదు

జెర్సీ, గెర్న్‌సీ, ఐల్ ఆఫ్ మ్యాన్ – ఈ మూడింటినీ బ్రిటన్ ‘క్రౌన్ డిపెండెన్సీలు’ అంటుంది. ఇవి యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కావు. వలసలుగా మొదలై ఇప్పుడు ‘ఓవర్సీస్ టెరిటరీలు’గా మిగిలిన ఫాక్‌లాండ్స్, బెర్ముడాల కోవలోకీ రావు. వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటులో వీటికి ఒక్క సభ్యుడూ లేడు.

ఇందుకు కారణం 1204లో ఉంది. అప్పటివరకు ఇంగ్లండు రాజు నార్మండీకి డ్యూక్ కూడా. ఆ ఏడాది జాన్ రాజు ఫ్రాన్స్ గడ్డ మీది నార్మండీని పోగొట్టుకున్నాడు. దాని పక్కనే సముద్రంలో ఉన్న ఛానెల్ దీవులు (జెర్సీ, గెర్న్‌సీ) మాత్రం ఆయన వైపే నిలిచాయి. జెర్సీ నుంచి ఫ్రాన్స్ తీరం 22 కిలోమీటర్లే. ఇంగ్లండు తీరం వంద కిలోమీటర్లు దాటితే గాని రాదు. దీవులవారు విధేయత చూపినది తమ డ్యూక్‌కే తప్ప ఇంగ్లండుకు కాదు. అందుకే నేటికీ అక్కడి విందుల్లో బ్రిటన్ రాజును ‘మన డ్యూక్ ఆఫ్ నార్మండీ’ అని స్మరిస్తూ పాత్రలెత్తుతారు. నార్మన్ చట్టం కూడా బతికే ఉంది. తన ఆస్తి మీదకు ఎవరైనా దౌర్జన్యంగా వస్తే బాధితుడు సాక్షుల ఎదుట మోకాళ్ల మీద కూర్చుని ‘హారో! హారో! హారో! ఓ నా ప్రభూ, కాపాడు, నాకు అన్యాయం జరుగుతోంది’ అని ఫ్రెంచిలో మొరపెట్టుకోవచ్చు. ఆ మొర వినబడగానే ఎదుటివారు పని ఆపేయాలి. కోర్టు తేల్చేదాకా గునపం ఎత్తకూడదు. ఎప్పుడో గాని వాడరు గాని, చట్టంలో ఉన్న హక్కే.

మ్యాన్ దీవి కథ వేరు. నార్వే రాజుల ఏలుబడి నుంచి 1266లో స్కాట్లాండుకు, తర్వాత ఇంగ్లండు రాజుల ద్వారా సామంత కుటుంబాలకు చేతులు మారింది. దాన్ని అడ్డాగా చేసుకుని బ్రిటన్‌లోకి దొంగసరుకు దిగుతుండటంతో ఖజానాకు గండి పడింది. చివరికి 1765లో లండన్ ప్రభుత్వం 70 వేల పౌండ్లిచ్చి అథోల్ డ్యూక్ నుంచి ఏలుబడి హక్కును కొనేసింది. చట్టసభ టిన్‌వాల్డ్ మాత్రం నార్స్ కాలం నుంచి కొనసాగుతూనే ఉంది. ఏటా జూలై 5న సెయింట్ జాన్స్ గ్రామంలోని నాలుగు అంచెల మట్టిదిబ్బ మీద సభ కొలువుదీరుతుంది. కొత్త చట్టాల పేర్లను మ్యాంక్స్ భాషలోనూ, ఇంగ్లిషులోనూ చదివి వినిపిస్తారు. రాజామోదం పొందిన చట్టాన్ని 18 నెలల్లోగా అలా ప్రకటించకపోతే అది చెల్లకుండా పోతుంది. ఆస్తి గల మహిళలకు 1881లోనే ఓటు ఇచ్చిన సభ ఇది. అప్పటికి లండన్‌లో ఆ ఊసు వినడానికి ఇష్టపడేవారే తక్కువ.

ఆచరణలో అధికారాల పంపకం చెప్పుకోవడం తేలిక. పన్నులు, పోలీసులు, బడులు, ఆస్పత్రులు, న్యాయస్థానాలు దీవులవి. రక్షణ, విదేశీ వ్యవహారాలు లండన్‌వి. 1973 నాటి కిల్‌బ్రాండన్ రాయల్ కమిషన్ నివేదిక ఈ ఏర్పాటును వివరంగా నమోదు చేసింది. దీవుల్లో సుపరిపాలనకు అంతిమ బాధ్యత రాజుదేనని, అంటే ఆయన పేరిట లండన్ మంత్రులదేనని అందులోనే ఉంది. ఈ ‘అంతిమ బాధ్యత’ ఎంత దూరం వెళుతుందో ఎక్కడా గీత గీసి చెప్పలేదు. చెప్పకపోవడమే రెండు పక్షాలకూ సౌకర్యంగా ఉన్నట్టుంది.

ఆ గీత ఎక్కడుందో 1967లో మ్యాన్ దీవికి తెలిసొచ్చింది. రేడియో కరోలిన్ అనే ప్రైవేటు కేంద్రం ర్యామ్సీ అఖాతానికి ఎదురుగా లంగరు వేసిన ఓడ నుంచి పాటలు ప్రసారం చేసేది. లైసెన్సు లేని ఇలాంటి ఓడ రేడియోలను మూయించడానికి బ్రిటన్ చట్టం చేసింది. తమ దీవికి ఉచితంగా ప్రచారం చేసిపెడుతున్న ఆ రేడియో అంటే మ్యాన్ వాసులకు అభిమానం. టిన్‌వాల్డ్‌లోని దిగువ సభ హౌస్ ఆఫ్ కీస్ అలాంటి బిల్లును తిప్పికొట్టింది. లండన్ చర్చల జోలికి పోకుండా, రాణి పేరిట ఒక ఉత్తర్వుతో తన చట్టాన్నే దీవికి వర్తింపజేసింది. వెయ్యేళ్ల చట్టసభ మాట ఒక పాటల రేడియో విషయంలో కూడా చెల్లలేదు.

పౌరసత్వం: లండన్ గీసిన గీత

పౌరసత్వం విషయంలో ఈ దీవులు ఎన్నడూ ప్రత్యేక దారి తొక్కలేదు. 1948 చట్టం కింద బ్రిటన్ ప్రజలూ, వలసల ప్రజలూ అందరూ ఒకే తరగతి పౌరులు. 1983 జనవరి 1న అమల్లోకి వచ్చిన 1981 బ్రిటిష్ జాతీయత చట్టం ఆ ఉమ్మడి కుటుంబాన్ని విడదీసింది. ఆ చట్టం అవసరాల కోసం ‘యునైటెడ్ కింగ్‌డమ్’ అంటే ఛానెల్ దీవులు, మ్యాన్ దీవి కూడా కలిసినదే అని నిర్వచనంలో రాశారు. రాజ్యాంగపరంగా దేశంలో భాగం కానివి జాతీయత చట్టం దృష్టిలో భాగమయ్యాయి. అక్కడ పుట్టిన బిడ్డ తల్లిదండ్రుల్లో ఒకరు బ్రిటిష్ పౌరులైనా, స్థిరనివాస హక్కు ఉన్నవారైనా బ్రిటిష్ పౌరసత్వం దక్కుతుంది. బ్రిటన్‌లో హోం మంత్రి పేరిట జరిగే పౌరసత్వ వ్యవహారాలు దీవుల్లో రాజప్రతినిధి అయిన లెఫ్టినెంట్ గవర్నరు పేరిట జరుగుతాయి.

మిగిలిన ప్రాంతాలకు ఆ అదృష్టం లేదు. ఫాక్‌లాండ్స్, జిబ్రాల్టర్, సెయింట్ హెలీనా, హాంకాంగ్ ప్రజలను ఆ చట్టం ‘బ్రిటిష్ అధీన ప్రాంతాల పౌరులు’ అనే వేరే తరగతిలోకి నెట్టింది. వారికి బ్రిటన్‌లో నివసించే హక్కు లేదు. అసలు గురి హాంకాంగ్ మీదే. 1997 దగ్గర పడుతుండగా అక్కడి అరకోటి జనం లండన్ విమానం ఎక్కుతారేమోనన్న భయం. ఆ వలలో సెయింట్ హెలీనా కూడా చిక్కుకుంది. దక్షిణ అట్లాంటిక్ మధ్యలో ఉన్న ఆ దీవి వాసులకు ఇంగ్లండులో పుట్టినవారితో సమానమైన హక్కులుంటాయని 1673లోనే రెండో చార్లెస్ రాజు ఈస్టిండియా కంపెనీకిచ్చిన సనదులో రాసి ఇచ్చాడు. మూడొందల ఏళ్ల ఆ వాగ్దానం ఒక నిర్వచనంతో ఎగిరిపోయింది. ఫాక్‌లాండ్స్ ప్రజల విషయంలో మాత్రం లండన్ త్వరపడింది. 1982లో అర్జెంటీనాతో యుద్ధం చేసి ఆ దీవులను తిరిగి స్వాధీనం చేసుకున్నాక, అక్కడివారిని రెండో తరగతిలో ఉంచితే బాగోదనుకుని 1983లో పూర్తి పౌరసత్వం ఇచ్చేసింది. సెయింట్ హెలీనా మీద ఎవరూ దండెత్తలేదు. అది 2002 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది వచ్చిన కొత్త చట్టం దాదాపు అన్ని ప్రాంతాలవారికీ పౌరసత్వాన్ని తిరిగి ఇచ్చింది. అప్పటికి హాంకాంగ్ చైనా చేతికి వెళ్లి ఐదేళ్లు. ఈ తేదీల క్రమం చూశాక ఆ చట్టం ఉద్దేశం గురించి పెద్దగా వాదించాల్సిన పని లేదు.

జెర్సీ, గెర్న్‌సీ, మ్యాన్‌లు అటు వెళ్లకుండా ఇటు పడ్డాయంటే అందులో వాటి స్వపరిపాలన గొప్పతనమేమీ లేదు. జనాభా తక్కువ, దగ్గరగా ఉన్నాయి, అక్కడ స్థిరపడినవారిలో చాలామంది మూలాలు బ్రిటన్‌లోనే. అందుకే బయటికి నెట్టాలన్న ఆలోచన లండన్‌లో ఎవరికీ రాలేదు. వచ్చి ఉంటే ఆపే అధికారం దీవుల చట్టసభలకు లేదు.

ఆ పౌరసత్వం కూడా అన్ని చోట్లా ఒకేలా చెల్లలేదు. 1973లో బ్రిటన్ ఐరోపా కూటమిలో చేరినప్పుడు ఈ మూడు దీవులు ‘మూడో ప్రోటోకాల్’ అనే ప్రత్యేక ఒప్పందంతో గడప మీద నిలబడ్డాయి. సరుకులు స్వేచ్ఛగా తిరగవచ్చు. మనుషులకు మాత్రం ఆ స్వేచ్ఛ వర్తించదు. తాను గాని, తల్లిదండ్రులు గాని, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు గాని బ్రిటన్‌లో పుట్టి ఉండక, తాను బ్రిటన్‌లో ఐదేళ్లు నివసించి కూడా ఉండకపోతే ఆ దీవివాసి పాస్‌పోర్టులో ఒక ముద్ర వేసేవారు. ఉద్యోగం, స్థిరనివాసాలకు సంబంధించిన ఐరోపా నిబంధనల ప్రయోజనం ఈ వ్యక్తికి వర్తించదని దాని సారాంశం. ఇందులోని విడ్డూరం గమనించాలి. మామ్మ మాంచెస్టర్‌లో పుట్టి ఉంటే మనవడు పారిస్‌లో ఉద్యోగం చేయవచ్చు. ఏడు తరాలుగా జెర్సీ నేలనే నమ్ముకున్న కుటుంబం బిడ్డకు మాత్రం, ఫ్రాన్స్ తీరం కంటికి కనిపిస్తున్నా, ఆ అవకాశం లేదు. నేలతో అనుబంధం ఎంత గట్టిదైతే పాస్‌పోర్టు అంత బలహీనం.

2016లో బ్రిటన్ ఐరోపా నుంచి వైదొలగాలా వద్దా అని ఓటింగు పెట్టినప్పుడు జిబ్రాల్టర్ ప్రజలు ఓటు వేశారు. వారిలో 96 శాతం ఉండిపోదామన్నారు. క్రౌన్ డిపెండెన్సీల ప్రజలకు ఆ ఓటు లేదు. ఫలితం మాత్రం నేరుగా తగిలింది. మూడో ప్రోటోకాల్ పోయింది, చేపల వేట మీది పాత ఒప్పందాలు పోయాయి. 2021 మే 6న ఫ్రాన్స్ మత్స్యకారులు పదుల సంఖ్యలో పడవలతో జెర్సీ రాజధాని సెయింట్ హెలియర్ రేవును చుట్టుముట్టారు. జెర్సీకి కావలసిన కరెంటులో అత్యధిక భాగం ఫ్రాన్స్ నుంచి సముద్రం అడుగున కేబుళ్ల ద్వారా వస్తుందని అంతకుముందే ఒక ఫ్రెంచి మంత్రి గుర్తు చేశారు. బ్రిటన్ రెండు నౌకాదళ ఓడలను పంపింది. చేపల వేటకు లైసెన్సులు ఇచ్చే అధికారం జెర్సీది, వాటిని ఏ షరతులతో ఇవ్వాలో రాసిన ఒప్పందం లండన్, బ్రస్సెల్స్‌లది, రేవులో చిక్కుకున్నది సెయింట్ హెలియర్.

అసలు కాపలా ఇంటి దగ్గర

ఇప్పుడు ఆ రిజిస్ట్రేషన్ కార్డు దగ్గరికి వద్దాం. జెర్సీ విస్తీర్ణం దాదాపు 120 చదరపు కిలోమీటర్లు. 2021 జనగణన ప్రకారం జనం 1,03,267. బ్యాంకులు, ట్రస్టు కంపెనీలే ప్రధాన జీవనాధారం. చాలా కంపెనీలకు ఆదాయపు పన్ను సున్నా, ఆర్థిక సంస్థలకు 10 శాతం, వ్యక్తులకు 20 శాతం. ఇలాంటి చోట ఇంటి ధర ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. దీవి తలుపులు బ్రిటన్‌లోని దాదాపు ఏడు కోట్ల మందికి తెరిచి పెడితే స్థానికులకు గూడు మిగలదన్నది అక్కడ పార్టీలకు అతీతమైన నమ్మకం.

2012 నాటి నివాస, ఉపాధి నియంత్రణ చట్టం దీవిలోని ప్రతి వ్యక్తినీ నాలుగు తరగతుల్లో ఒకదానిలో పెడుతుంది. కొత్తగా వచ్చినవారు ‘రిజిస్టర్డ్’. వీరు ఇల్లు కొనకూడదు, తమ తరగతికి కేటాయించిన ఇళ్లలోనే అద్దెకు ఉండాలి. వీరిలో ఎంతమందిని పెట్టుకోవచ్చో ప్రతి యజమానికీ కోటా ఉంటుంది. ఐదేళ్లు ఆగితే ‘ఎంటైటిల్డ్ టు వర్క్’. అంటే ఎక్కడైనా పనిచేయవచ్చు గాని, ఇంటి ఆంక్షలు తొలగవు. అత్యవసర నైపుణ్యాల కోసం యాజమాన్యం రప్పించుకున్న డాక్టర్లు, అకౌంటెంట్ల వంటివారు ‘లైసెన్స్‌డ్’. వీరు ఆ ఉద్యోగం ఉన్నంతవరకు ఇల్లు కొనుక్కోవచ్చు. పదేళ్లకు ‘ఎంటైటిల్డ్’ హోదా వస్తుంది, ఆంక్షలు తొలగిపోతాయి. పాతకాలం వారు ఈ హోదా వచ్చిందనడానికి ‘క్వాలీస్ వచ్చాయి’ అంటారు. అక్కడి వాడుకలో ఇమిడిపోయిన మాట.

ఇల్లు కొనే తంతు కూడా చూడదగ్గది. ఆస్తి బదిలీ లాయరు ఆఫీసులో సంతకాలతో ముగియదు. శుక్రవారం మధ్యాహ్నం రాయల్ కోర్టులో అమ్మేవారు, కొనేవారు లేదా వారి తరఫు లాయర్లు హాజరై, చెయ్యెత్తి ప్రమాణం చేయాలి. ఆ ప్రమాణంతోనే ఇల్లు చేతులు మారుతుంది. కొనేవారికి ఆ హోదా ఉందని ముందే తేలి ఉండాలి.

ఈ కట్టడికి ఒక దొడ్డిదారి ఉంది, అది చట్టంలోనే ఉంది. ఏటా భారీగా పన్ను కట్టగల సంపన్నులకు ప్రభుత్వం ప్రత్యేక అనుమతితో నేరుగా ఇల్లు కొనే హక్కు ఇస్తుంది. మడైరా దీవి నుంచి వచ్చి హోటళ్లలో, బంగాళాదుంప పొలాల్లో పనిచేసే పోర్చుగీసు కుటుంబం పదేళ్లు అద్దె గదుల్లో గడపాలి. కోటీశ్వరుడికి ఆ పదేళ్లు పదిరోజులతో సమానం. స్థానికుల గూడు కాపాడటానికే ఈ చట్టమన్న వాదన ఇక్కడికొచ్చేసరికి పలచబడుతుంది. మడైరా కూడా పోర్చుగల్‌లో స్వయంప్రతిపత్తి గల దీవే. అక్కడ పని దొరక్క ఇక్కడికి వస్తే, మరో దీవి స్థానికత అడ్డు తగులుతుంది.

గెర్న్‌సీ మనుషుల కంటే ఇళ్లనే ముందు వర్గీకరించింది. ‘లోకల్ మార్కెట్’ ఇళ్లు అర్హత గల స్థానికులకు. రిజిస్టరులోకి ఎక్కించిన ‘ఓపెన్ మార్కెట్’ ఇళ్లు, ధర భరించగలిగితే, బయటివారికి. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లు వేర్వేరు మార్కెట్లకు చెందుతాయి. రెండింటి ధరలకూ పొంతన ఉండదు. గెర్న్‌సీ బెయిలివిక్‌లోనే ఉన్న బుల్లి సార్క్ దీవిలో 2008 దాకా భూస్వామ్య పద్ధతే సాగింది. అక్కడ కార్లు తిరగవు. ట్రాక్టర్లు, గుర్రపు బళ్లు, సైకిళ్లే. మ్యాన్ దీవి ఇళ్ల జోలికి పోలేదు. అక్కడి కాపలా ఉద్యోగాల దగ్గర. ఐదేళ్ల నివాసం వంటి అర్హత లేని బ్రిటిష్ పౌరుడైనా వర్క్ పర్మిట్ తీసుకోవాలి. విస్తీర్ణం 572 చదరపు కిలోమీటర్లు, జనం 84 వేలు. చోటుకు కరువు లేదు కాబట్టి ఆ తేడా.

ముల్కీ నిబంధనల కాలం నుంచి నేటి 371డి అధికరణం కింది స్థానిక, స్థానికేతర కోటాల దాకా చూసిన తెలుగువారికి ఈ తర్కాన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఒక ముఖ్యమైన తేడా మాత్రం ఉంది. మన దగ్గర స్థానికతకు హద్దులు దేశ రాజ్యాంగమే గీసింది, ఆ హద్దు దాటితే సుప్రీంకోర్టు ఉంది. జెర్సీలో స్థానికతను నిర్వచించేదీ, మార్చేదీ స్థానిక చట్టసభే. బ్రిటిష్ పౌరుడిని బ్రిటిష్ దీవిలోనే ఇలా ఆపడమేమిటని లండన్ ఇంతవరకు గట్టిగా నిలదీయలేదు. ఓటు విషయంలో ఇదే తర్కం అటు తిరిగి ఉదారంగా మారుతుంది. జెర్సీ ఎన్నికల్లో ఓటుకు బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు. 16 ఏళ్లు నిండి, నిర్ణీత కాలం దీవిలో నివసించి ఉంటే పోర్చుగీసువారైనా, పోలండువారైనా ఓటు వేయవచ్చు. బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో వారికి ఆ అవకాశం లేదు.

ఇతర సముద్రాల్లో

ఈ స్థానికతకు అందరికంటే స్పష్టమైన చట్టరూపం ఇచ్చింది బాల్టిక్ సముద్రంలోని ఓలాండ్. అది ఫిన్లాండ్‌లో భాగం. జనం 30 వేలు, మాట్లాడేది స్వీడిష్. 1921లో నానాజాతి సమితి తీర్పు దీవులను ఫిన్లాండ్‌కే ఇస్తూ, వారి భాషనూ నేలనూ కాపాడాలని షరతు పెట్టింది. దాని నుంచి వచ్చిందే ‘హెమ్‌బిగ్డ్స్‌రెట్’ అనే నివాస హక్కు. ఫిన్లాండ్ పౌరుడై, ఐదేళ్లు అక్కడ ఉండి, స్వీడిష్ వచ్చినవారికి అది దక్కుతుంది. అది ఉంటేనే అక్కడి చట్టసభకు ఓటు, భూమి కొనుగోలు, వ్యాపారం. దీవి వదిలి ఐదేళ్లు బయట ఉంటే పోతుంది కూడా. హెల్సింకీలో పుట్టిన ఫిన్లాండ్ పౌరుడు సొంత దేశంలోని ఈ దీవుల్లో స్థలం కొనాలంటే ముందు అనుమతి తెచ్చుకోవాలి. ఫిన్లాండ్ 1995లో ఐరోపా సమాఖ్యలో చేరినప్పుడు ఈ మినహాయింపును ప్రత్యేక ప్రోటోకాల్‌లో రాయించుకుంది. జెర్సీ సంప్రదాయం మీద నడుపుతున్నదాన్ని ఓలాండ్ అంతర్జాతీయ హామీతో నడుపుతోంది.

డెన్మార్క్ రాజ్యంలోని ఫారో దీవుల్లో పౌరసత్వమే చిరునామాను బట్టి మారుతుంది. 1948 నుంచి స్వపరిపాలన ఉన్న ఫారో, చేపల మీద పట్టు పోతుందని ఐరోపా కూటమిలో చేరలేదు. దాంతో ఫారోలో నివసించే డెన్మార్క్ పౌరుడిని ఐరోపా చట్టం సభ్యదేశపు పౌరుడిగా చూడదు. అదే వ్యక్తి మకాం కోపెన్‌హేగన్‌కు మార్చగానే ఐరోపా పౌరుడవుతాడు.

అమెరికాలో ఈ బేరం రెండు విధాలా బెడిసికొట్టింది. 1901లో అక్కడి సుప్రీంకోర్టు స్పెయిన్ నుంచి వచ్చిన దీవులను ‘ఇంటికి సంబంధించినంతవరకు పరాయివి’ అనే భావంతో విచిత్రమైన చోట పెట్టింది. ప్యూర్టోరికోకు 1917లో పౌరసత్వం దక్కింది. 32 లక్షల మంది అమెరికా పౌరులు, అయినా దీవిలో ఉన్నంతకాలం అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు. ఫ్లోరిడాకు వెళితే వస్తుంది. వారికి లేనిది జెర్సీ చేతిలో ఉన్న తాళంచెవి. అమెరికా పౌరుడెవరైనా వచ్చి ఇల్లు కొనవచ్చు. పైగా బయటి నుంచి వచ్చే పెట్టుబడిదారులకు స్థానిక ప్రభుత్వమే 2012 నుంచి పన్ను రాయితీలిచ్చి పిలిచింది. తీరప్రాంతాల్లో అద్దెలు భరించలేక ఊళ్లు ఖాళీ చేస్తున్నామన్న అక్కడివారి ఆక్రోశానికి మూలం ఇదే. పాస్‌పోర్టు ఉంది, కాపలా లేదు.

అమెరికన్ సమోవా సరిగ్గా తలకిందులు. సుమారు 50 వేల మంది ఉన్న ఈ పసిఫిక్ దీవులవారు అమెరికా ‘జాతీయులు’, పౌరులు కారు. ఈ వ్యక్తి అమెరికా జాతీయుడే గాని పౌరుడు కాడని వారి పాస్‌పోర్టులో ఒక వాక్యం అచ్చయి ఉంటుంది. అమెరికాలో ఎక్కడైనా నివసించవచ్చు, సైన్యంలో చేరవచ్చు. ఓటు మాత్రం లేదు. యూటాలో స్థిరపడిన కొందరు సమోవన్లు తమకు పుట్టుకతోనే పౌరసత్వం ఉండాలని కోర్టుకెక్కారు. వారికి ఎదురు నిలిచింది వాషింగ్టన్ ఒక్కటే కాదు, సమోవా ప్రభుత్వం కూడా. అక్కడ భూమిలో అత్యధికం కుటుంబ సమూహాల ఉమ్మడి సొత్తు. ‘మతాయ్’ అనే కుటుంబ పెద్దలు దాన్ని నిర్వహిస్తారు. సగమైనా సమోవా రక్తం లేనివారికి అమ్మడాన్ని చట్టం నిషేధిస్తుంది. సెనేట్ సభ్యులను కూడా ఆచారం ప్రకారమే ఎన్నుకుంటారు. పౌరసత్వంతో పాటు అమెరికా రాజ్యాంగంలోని సమానత్వ నిబంధన పూర్తిగా వచ్చి పడితే జాతి ప్రాతిపదికన ఉన్న ఈ భూచట్టం నిలవదని వారి భయం. మన ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం గిరిజన భూమికి ఇచ్చే రక్షణ వంటిదే ఇది. కాకపోతే ఇక్కడ దాన్ని రాజ్యాంగమే కాపాడుతోంది, అక్కడ రాజ్యాంగం నుంచే కాపాడుకోవాల్సి వస్తోంది. 2021లో అప్పీలు కోర్టు సమోవా ప్రభుత్వం వైపు మొగ్గింది. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసును చేపట్టడానికి నిరాకరించింది. భూమి నిలిచింది. ఆ ఖర్చు మాత్రం దీవి వదిలి వెళ్లిన యూటా సమోవన్ల మీద పడింది. వారికి దీవి భూమి అక్కరకు రాదు, అమెరికా ఓటు అందదు. ఈ తీర్పులోని అన్యాయం ఎవరిదంటే చెప్పడం కష్టం గాని, ఎవరి మీద పడిందో స్పష్టమే.

పాస్‌పోర్టు అడిగితే

చివరిగా పసిఫిక్‌లోని కుక్ దీవులు. 1965 ఆగస్టు 4 నుంచి న్యూజిలాండ్‌తో ‘స్వేచ్ఛా అనుబంధం’లో ఉన్న స్వపరిపాలిత దేశం. సొంత ప్రధాని, సొంత పార్లమెంటు. సొంతంగా ఒప్పందాలు చేసుకునే వెసులుబాటు జెర్సీ కంటే ఎంతో ఎక్కువ. 2023లో అమెరికా దాన్ని సార్వభౌమ దేశంగా గుర్తించింది. భూమి అమ్మకం నిషిద్ధం, కౌలు 60 ఏళ్లకు మించకూడదు. ఇన్ని ఉన్నా సొంత పౌరసత్వం లేదు, అందరూ న్యూజిలాండ్ పౌరులే. దీవుల్లో మిగిలింది సుమారు 15 వేలు. 2018 జనగణనలో న్యూజిలాండ్‌లో తాము కుక్ దీవుల మావోరీలమని చెప్పుకున్నవారు 80 వేల పైచిలుకు. 1974లో ఇదే బాట పట్టిన పొరుగు దీవి నియూవేలో రెండు వేల మంది కూడా లేరు. న్యూజిలాండ్‌లో నియూవే మూలాలవారు 30 వేలు. నేలను బయటివారికి పోకుండా కాపాడుకున్నారు. తమవారు బయటికి పోకుండా ఆపే మార్గం మాత్రం ఏ భూచట్టంలోనూ లేదు.

2024 చివర్లో ప్రధాని మార్క్ బ్రౌన్ న్యూజిలాండ్ పౌరసత్వం ఉంచుకుంటూనే కుక్ దీవులకు వేరే పాస్‌పోర్టు ఉండాలని ప్రతిపాదించారు. వెల్లింగ్టన్ జవాబు సూటిగా వచ్చింది. సొంత పాస్‌పోర్టు, సొంత పౌరసత్వం, ఐక్యరాజ్యసమితి సభ్యత్వం పూర్తి స్వతంత్ర దేశాలకే ఉంటాయి, అవి కావాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరిపి అనుబంధం వదులుకోండి అని. 2025 ఫిబ్రవరిలో బ్రౌన్ పాస్‌పోర్టు ఆలోచనను పక్కన పెట్టారు. అదే నెలలో చైనా వెళ్లి, న్యూజిలాండ్‌తో తగినంతగా సంప్రదించకుండా వ్యూహాత్మక భాగస్వామ్య ఒప్పందం చేసుకొచ్చారు. ఆ ఒప్పందం కారణంగా న్యూజిలాండ్ 1.82 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల సాయాన్ని నిలిపివేసింది. ఆగస్టులో కుక్ దీవుల్లో ప్రధానమైన రరొటోంగాలో జరిగిన స్వపరిపాలన అరవయ్యో వార్షికోత్సవానికి న్యూజిలాండ్ ప్రధాని రాలేదు. చైనా ఒప్పందాన్ని బ్రౌన్ గట్టిగా సమర్థించుకున్నారు. ప్రజాభిప్రాయ సేకరణ జోలికి మాత్రం పోలేదు. పాస్‌పోర్టు గడిలో ‘న్యూజిలాండ్’ అన్న మాట పోవాలా అని అడిగితే ఆ 15 వేల మందిలో ఎక్కువమంది ఏం చెబుతారో ఆయనకు తెలియనిది కాదు. వారి పిల్లలూ, అన్నదమ్ములూ ఆక్లండ్‌లో ఉన్నారు.